మేడ మీద డెక్, పక్కన మొక్కలు: రెండూ కలిపి ఎంచుకోండి

డెక్ (ఫ్రేము మీద పలకలు పరిచి వేసే నేల) పని ఒకరికి, మొక్కల పని ఇంకొకరికి అప్పగించడం మన దగ్గర మామూలే. డెక్‌లు పాడవడం చాలావరకు అక్కడే మొదలవుతుంది. ఎండకు చెక్క రంగు వెలిసిపోతుంది, అంతే. దాన్ని కుళ్లబెట్టేది కుండీ కింద ఆరని తడి. కాబట్టి ఏ పలక, ఏ మొక్క అనేది ఒకే ప్లాన్ కాగితం మీద తేల్చుకోవాలి. ఇక్కడి లెక్కలు హైదరాబాదులో ఒక ఇంటి మేడ మీద వేసే 12 × 10 అడుగుల డెక్‌కు సరిపోతాయి.

మొదట బరువు చూడండి. మనుషులు తిరిగే మేడకు ఐఎస్ 875 (భవనాల మీద పడే బరువులకు భారతీయ ప్రమాణం) రెండో భాగం ప్రకారం తీసుకునే లైవ్ లోడు, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. ఒక అడుగు లోతు తడిమట్టి ఒక్కటే అదే చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. అందుకే శ్లాబు మధ్యలో ఇటుకలతో మడి కట్టకూడదు. పెద్ద కుండీలన్నీ బీముల మీదకు, పిట్టగోడ పక్కకు రావాలి. 45 సెంటీమీటర్ల కుండీలో ఎర్రమట్టి నింపి నీళ్లు పోస్తే వంద కిలోలు దాటుతుంది. కోకోపీట్ 4 పాళ్లు, వర్మీకంపోస్టు 3, ఎర్రమట్టి 3 కలిపి నింపితే బాగా తేలికవుతుంది. ఇల్లు పాతదైతే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి చూపించాకే ముందుకు వెళ్లండి.

తర్వాత నీళ్లు. డెక్ వేయకముందే తూములు మూసి, 2 అంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి కింది గది సీలింగు చూడండి. శ్లాబుకు తూము వైపు కనీసం 100కి 1 వాటం ఉండాలి. ఫ్రేము కోసం శ్లాబులో బెజ్జాలు వేయనివ్వకండి. ఒక్క యాంకర్ బోల్టు చాలు, వాటర్‌ప్రూఫింగు పోయినట్టే. ఫ్రేమును రబ్బరు ప్యాడ్ల మీదో, ఎత్తు సర్దుకునే పెడెస్టళ్ల (పొట్టి కాళ్ల) మీదో కూర్చోబెట్టాలి. తూము పైన రెండడుగుల చదరం ఎత్తి తీసేలా విడిగా చేయించండి. లేకపోతే మొదటి వానకే ఆకులు అడ్డుపడి డెక్ కింద నీళ్లు నిలుస్తాయి, అది పైకి కనిపించదు.

ఇక పలకలు. టేకు కొంటే చేవ (మాను లోపలి గట్టి చెక్క) ఉన్నదే కొనండి. అంచున తెల్లచెక్క ఉన్న పలక ధర తక్కువని తీసుకుంటే చెద మొదట పట్టేది దాన్నే. తేమ మీటరు పెట్టి 12 శాతం దగ్గర ఉందో లేదో చూడండి. పచ్చిచెక్క అయితే మొదటి వేసవికే మెలి తిరుగుతుంది. ఏడాదికోసారి వానల ముందు నూనె పట్టించే ఓపిక లేకపోతే టేకు బూడిద రంగుకు తిరుగుతుంది. అది చూపుకే తేడా, బలం తగ్గదు. థర్మో పైన్ అంటే 200 డిగ్రీల చుట్టుపక్కల వేడిచేసిన పైన్ చెక్క. కుళ్లును బాగా తట్టుకుంటుంది, చెదను మాత్రం అంతగా ఆపలేదు. అందుకే మేడ మీదైతే సరే, నేల మీద వద్దు. డబ్ల్యూపీసీకి (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) నూనె పని లేదు, చెద బెడద తక్కువ. కానీ ముదురు గోధుమ రంగు తీసుకుంటే మే నెల మధ్యాహ్నం దానిమీద వట్టి కాలు పెట్టలేరు. లేతరంగు, లోపల బోలు లేని పలక తీసుకోండి. తాండూరు బండ చల్లగా, చవకగా ఉంటుంది. అయితే 25 మి.మీ. మందం బండే చదరపు మీటరుకు 65 కిలోల పైమాట, కింద సిమెంటు మాలు బరువు అదనం.

140 మి.మీ. వెడల్పు చెక్క పలకలు 5 మి.మీ. సందుతో 12 అడుగుల పొడవునా పరిస్తే 21 వరుసలు వస్తాయి. కింద 350 మి.మీ.కు ఒకటి చొప్పున 12 అడ్డ రీపర్లు (పలకలను మోసే పట్టీలు). ఒక్కో కూడలిలో 2 స్క్రూలు, మొత్తం 504. 550 తెచ్చుకోండి, పలకలు పది శాతం ఎక్కువ. డబ్ల్యూపీసీకి రీపర్ల దూరం 300 మి.మీ.కు తగ్గించాలి. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, డబ్ల్యూపీసీ పొడవునా సాగుతుంది. దాని చివర్లలో 6 నుంచి 8 మి.మీ. వదలకపోతే ఎండాకాలంలో ఒకదాన్నొకటి నెట్టుకుని పలకలు లేచిపోతాయి.

స్క్రూలు స్టెయిన్‌లెస్ 304 రకం. విశాఖలాంటి సముద్రపు గాలి ఉన్నచోట 316 తప్పనిసరి. మామూలు ఇనుప స్క్రూ వాడితే టేకులోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి ప్రతి తల చుట్టూ నల్లమచ్చ తేలుతుంది, ఎంత రుద్దినా పోదు. ముందు బెజ్జం వేసి, పలక చివరి నుంచి 25 మి.మీ. లోపలికి బిగిస్తే చీలదు.

మొక్కలను అందంతో పాటు అవి కింద ఏం రాలుస్తాయో చూసి ఎంచుకోవాలి. నేరేడు పండు మరక చెక్క మీద నిలిచిపోతుంది. మందారానికి పిండినల్లి పట్టిందంటే దాని తీపి జిగురు పలకల మీద చుక్కలుగా రాలి, దానిమీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. కాబట్టి మందారాన్ని డెక్‌కు దూరంగా, బండల మీద పెట్టండి. పడమటెండ పడే వైపు కాగితం పూలు, దేవగన్నేరు బాగుంటాయి. రెంటికీ నీళ్లు తక్కువే, మట్టి ఎండాకే పోయాలి. కాగితం పూలకు ముళ్లుంటాయి కనుక కూర్చునే చోటికి రెండడుగుల దూరం వదలండి. అరేకా పామ్ ఆ ఎండకు కొసలు మాడిపోతుంది, దాన్ని తూర్పు నీడకు మార్చండి. అంచుల్లో నందివర్ధనం, నిమ్మగడ్డి, రెయిన్ లిల్లీ సరిపోతాయి. గన్నేరు మొండి మొక్కే గానీ అన్ని భాగాలూ విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో పెట్టొద్దు. రావి, మర్రి జాతులు కుండీలోనైనా వద్దు.

కుండీలను నేరుగా పలకల మీద పెట్టకండి. పిట్టగోడ వెంట అడుగున్నర మేర డెక్ ఆపేసి, ఆ పట్టీలో వరుసగా అమర్చడం అన్నిటికంటే మేలు. డెక్ మీదే పెట్టాల్సి వస్తే కింద అంగుళం ఎత్తు కాళ్లు, పళ్లెం ఉండాలి. డ్రిప్ గొట్టం అతుకులు డెక్ కిందికి రానివ్వకండి, కారినా తెలియదు.

కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కకు కవరులోని ఒండ్రుమట్టి గట్టిగా ముద్దకట్టి ఉంటే, బయటి అంగుళం మట్టిని వేళ్లు తెగకుండా వదులు చేసి నాటండి. అలాగే పెడితే నీళ్లు పక్కనున్న తేలిక మట్టిలోంచి జారిపోయి వేరు ముద్ద ఎండే ఉంటుంది. డెక్ పని ఫిబ్రవరి, మార్చిలో ముగించి, మొక్కలు తొలకరి పడ్డాక నాటుకోవచ్చు.