హీట్ పంపు కరెంటు బిల్లు ఎలా తగ్గిందంటే

ఇంగ్లండ్‌లో మా ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంపు (కరెంటుతో నడుస్తూ బయటి వేడిని ఇంట్లోకి లాగే యంత్రం) పెట్టించాం. 7,500 పౌండ్ల ప్రభుత్వ గ్రాంటు వచ్చింది. కానీ చలికాలం బిల్లు చూస్తే టెన్షన్. ఇక్కడ యూనిట్ కరెంటు ధర గ్యాస్ కంటే దాదాపు నాలుగు రెట్లు. పంపు సామర్థ్యం పడిపోతే గ్యాసే నయం అనిపిస్తుంది.

పంపు తెర మీద కనిపించే లెక్క చాలాసార్లు అంచనా మాత్రమే. అందుకే విడిగా కరెంటు మీటరు, పైపు మీద నీళ్లు మోసుకొచ్చే వేడిని కొలిచే హీట్ మీటరు పెట్టించాను. ఉదాహరణకు గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లకు వెళ్లే నీళ్లు 45 డిగ్రీలు, తిరిగొచ్చేవి 40, ప్రవాహం నిమిషానికి 20 లీటర్లు అనుకోండి. అంటే ఇంట్లోకి సుమారు 7 కిలోవాట్ల వేడి వస్తోంది. పంపు 2 కిలోవాట్ల కరెంటు లాగితే సీఓపీ, అంటే లాగిన కరెంటుకు ఎన్ని రెట్లు వేడి ఇచ్చిందన్న లెక్క, 3.5.

మాది 2.7 దగ్గరే ఆగింది. గ్రాఫు చూడగానే కారణం దొరికింది: బయట చలి ఎక్కువున్నా తక్కువున్నా నీళ్లు ఎప్పుడూ 50 డిగ్రీలే, పైగా గదుల థర్మోస్టాట్లు మూసుకున్నప్పుడల్లా పంపు ఆగి మళ్లీ మొదలవుతోంది. బయటి చలిని బట్టి నీళ్ల వేడిని మార్చే వెదర్ కాంపెన్సేషన్ ఆన్ చేశాను. బయట సున్నా డిగ్రీలుంటే నీళ్లు 42, పన్నెండు ఉంటే 30. రేడియేటర్ల వాల్వులన్నీ బాగా తెరిచాను. ఇప్పుడు పంపు నెమ్మదిగా, ఆగకుండా తిరుగుతోంది. అలాంటి చలిలోనే సీఓపీ 3.6 దాటింది.

వేల్స్‌లో ఇలాంటి కొలత పరికరాలు తయారుచేసే ఓపెన్ ఎనర్జీ మానిటర్ వాళ్ల పుణ్యమా అని ఇలాంటి రీడింగులు ఎంతోమంది బహిరంగంగా పంచుకుంటున్నారు. నావీ పెట్టాను. మీరూ పెడితే ఇంటి వైశాల్యం, నీళ్ల ఉష్ణోగ్రత, స్నానాల వేడినీళ్లు లెక్కలో ఉన్నాయో లేదో తప్పకుండా రాయండి. అవి లేకపోతే పక్కింటి అంకెతో పోల్చడం కుదరదు.