పూల్ నేర్చుకుందాం - 3: ఆట తేలేది నల్ల బంతి దగ్గరే

పోయిన భాగంలో బంతులు పేర్చడం, బ్రేక్ (పేర్చిన బంతుల్ని చెదరగొట్టే మొదటి దెబ్బ) కొట్టడం చూశాం. ఈసారి గెలుపోటములు. మన వైజాగ్‌లో గాజువాకలో ఆడినా సిరిపురంలో ఆడినా టేబుల్ డబ్బులు మామూలుగా ఓడినవాళ్లే కట్టాలి కాబట్టి, గొడవలన్నీ వచ్చేది ఇక్కడే.

ఎయిట్ బాల్‌లో (8 నంబరున్న నల్ల బంతితో తేలే పూల్ ఆట) మీ అంతట మీరు గెలవాలంటే ఒకటే దారి. మీ ఏడు బంతులూ (1 నుంచి 7 దాకా నిండు రంగువి, లేదంటే 9 నుంచి 15 దాకా గీతలవి) వేసేశాక, ఏ పాకెట్లో వేస్తారో ముందే చెప్పి, ఫౌల్ లేకుండా నల్లదాన్ని అందులోనే వేయాలి.

ఓడిపోవడానికి మాత్రం బోలెడు దారులు. మీవి ఇంకా టేబుల్ మీద ఉండగా నల్లది పడితే అయిపోయినట్టే, చెప్పిన పాకెట్ వదిలేసి పక్కదాంట్లో పడినా, ఎగిరి నేల మీద పడినా అంతే. నల్లదాని వెనకే తెల్లది (కర్రతో మనం కొట్టే బంతి) కూడా లోపలికి పోతే ఇంకా బాధ, ఎందుకంటే ఆ షాట్ కొట్టినవాడు అప్పటికే చేతులు పైకెత్తేసి ఉంటాడు! క్యారమ్స్ ఆడి వచ్చినవాళ్లకి ఇంకో చిక్కు: అక్కడ రెడ్ వేశాక కవర్ వేసుకోవచ్చు, ఇక్కడ అలాంటిదేం లేదు, మీ ఆఖరి బంతీ నల్లదీ ఒకే దెబ్బకి పడినా ఓటమే.

మరి నల్లదాన్ని కొట్టబోతే అది పడకుండా తెల్లది ఒక్కటే పడితే? ప్రపంచ పూల్ సంఘం నియమాల ప్రకారం అది ఫౌల్ మాత్రమే. అవతలివాళ్లు తెల్లదాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుని ఆడతారు. కొన్ని పార్లర్లలో దీన్నీ ఓటమి కిందే లెక్కేస్తారు, అందుకే మొదలుపెట్టే ముందే అడిగేయండి. బ్రేక్‌లో నల్లది పడితే గెలిచినట్టని కూడా చాలామంది వాదిస్తారు, ఆ నియమాల్లో అది గెలుపూ కాదు, ఓటమీ కాదు. బ్రేక్ సరిగ్గా పడి ఉంటే నల్లదాన్ని మళ్లీ దాని చోట పెట్టి ఆడాలో, ఇంకోసారి బ్రేక్ కొట్టాలో కొట్టినవాళ్లే తేల్చుకోవాలి.

ఇంకో సంగతి. తెల్లది మీ బంతిని తాకాక ఏదో ఒకటి పాకెట్లో పడాలి, లేదంటే ఏదో ఒక బంతి కుషన్‌కి, అంటే టేబుల్ అంచుకి, తగలాలి, లేకపోతే ఫౌల్. ఏసీ సరిగ్గా లేని చోట, సముద్రం గాలికి టేబుల్ గుడ్డ తేమ పట్టేస్తే బంతులు బరువుగా దొర్లుతాయి. నల్లదాన్ని భయం భయంగా మెల్లగా తడితే అది పాకెట్‌దాకా పోదు, కుషన్‌దాకా కూడా పోదు.

ఈ వారం ప్రాక్టీస్: నల్లదాన్ని మూల పాకెట్ నోటి దగ్గర, తెల్లదాన్ని దానికి తిన్నగా రెండడుగుల దూరంలో పెట్టండి. తెల్లదాన్ని నడిమికి కాస్త కింద, గట్టిగా కొట్టండి. నల్లది పడాలి, తెల్లది తగిలిన చోటే ఆగిపోవాలి. వెంట పోతోందంటే ఇంకాస్త కింద కొట్టి చూడండి. అది కుదిరాక దూరం పెంచండి. ఫౌల్ తర్వాత చేతికొచ్చిన తెల్లదాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్నది నాలుగో భాగంలో.