లోహపు తీగ విశిష్ట నిరోధాన్ని ప్రయోగంతో కొలిచే విధానం

తీగ నిరోధాన్ని దాని మధ్యచ్ఛేద వైశాల్యంతో గుణించి, పొడవుతో భాగిస్తే విశిష్ట నిరోధం ఓమ్ మీటర్లలో వస్తుంది. సూత్రం చిన్నదే అయినా ఫలితం విలువ కొలతల నాణ్యత మీదే ఆధారపడి ఉంటుంది.

తీగగా నిక్రోమ్‌ను (నికెల్, క్రోమియంల మిశ్రలోహం) ఎంచుకోవడం మంచిది. 0.4 మిల్లీమీటర్ల వ్యాసమున్న నిక్రోమ్ తీగకు మీటరు పొడవున దాదాపు 9 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. అదే మందమున్న రాగి తీగకు 0.14 ఓమ్ మాత్రమే ఉండడం వల్ల మామూలు మీటర్లతో దానిని నమ్మకంగా కొలవలేము.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక చూపవలసింది వ్యాసం దగ్గర. ముందుగా తీగ లేకుండా స్క్రూగేజి (సన్నని మందాలను కొలిచే పరికరం) దవడలను దాని చివరనున్న రాచెట్ పిడితో మూసి, శూన్యాంశ దోషం, అంటే సున్నా రావలసిన చోట వచ్చే తేడా, ఉంటే రాసుకోవాలి. తరువాత తీగ వెంట కనీసం అయిదు చోట్ల, ప్రతి చోటా ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు దిశల్లో కొలవాలి, ఎందుకంటే తీగ అంతటా కచ్చితంగా గుండ్రంగా ఉంటుందని అనుకోలేము. 0.40 మిల్లీమీటర్లలో 0.01 తేడా వస్తే అది 2.5 శాతం, వైశాల్యంలో వ్యాసం వర్గమవుతుంది కాబట్టి దోషం 5 శాతానికి చేరుతుంది. మీటరు పొడవులో ఒక మిల్లీమీటరు పొరపాటు 0.1 శాతమే.

ఇక తీగను మెలికలు లేకుండా, సాగిపోయేంత బిగించకుండా స్కేలు వెంట అమర్చాలి. బ్యాటరీ, ప్లగ్ కీ, రియోస్టాట్, అమ్మీటర్, తీగ శ్రేణిలో ఉండాలి. వోల్ట్‌మీటరును కొలవదలచిన పొడవుకు సమాంతరంగా కలపాలి. 20 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు పొడవును 10 సెంటీమీటర్ల చొప్పున పెంచుతూ, ప్రతిసారీ ప్రవాహాన్ని రియోస్టాట్‌తో 0.2 ఆంపియర్ల వద్ద నిలిపి వోల్టేజిని గుర్తించాలి; వోల్టేజిని ప్రవాహంతో భాగిస్తే ఆ పొడవు నిరోధం వస్తుంది. రీడింగు తీసుకునేంతసేపే కీ మూసి ఉంచితే తీగ వేడెక్కదు. రాగి వంటి లోహాల్లో ఒక్క డిగ్రీ పెరిగినా నిరోధం సుమారు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి గది ఉష్ణోగ్రతను కూడా నమోదు చేయాలి.

పొడవును అడ్డంగా, నిరోధాన్ని నిలువుగా తీసుకొని గ్రాఫు గీయాలి. సరళరేఖను బలవంతంగా మూలబిందువు గుండా పంపకూడదు: క్లిప్పుల దగ్గరి స్పర్శ నిరోధం రేఖను కాస్త పైకి జరుపుతుందే తప్ప దాని వాలును మార్చదు. అందుకే ఒకే పొడవు దగ్గర లెక్క కట్టడం కంటే వాలును వైశాల్యంతో గుణించడం మేలు. ఉదాహరణకు వాలు మీటరుకు 8.7 ఓమ్‌లు, వైశాల్యం 1.26 × 10⁻⁷ చదరపు మీటర్లు అయితే విశిష్ట నిరోధం దాదాపు 1.1 × 10⁻⁶ ఓమ్ మీటర్లు. నిక్రోమ్‌లో లోహాల పాళ్లను బట్టి ఈ విలువ కొద్దిగా మారవచ్చు. కానీ నాలుగు రెట్లు ఎక్కువగా వస్తే మాత్రం, వైశాల్యం లెక్కలో వ్యాసార్థానికి బదులు వ్యాసాన్ని వేశారేమో చూసుకోవాలి.