తేలికపాటి ల్యాప్‌టాప్‌లో కోడ్ ఎడిటర్‌ను సిద్ధం చేసుకోవడం ఎలా?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీలలో ఉంటూ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న మన పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చి చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఎడిటర్ పనిచేయడం లేదు." తెరిచి చూస్తే ఎడిటర్ నిక్షేపంగా ఉంటుంది, ఎడిటర్‌కూ పైథాన్‌కూ మధ్య ఉండవలసిన లంకె మాత్రం ఉండదు. ఎడిటర్ ప్రోగ్రామును రాసుకునే చోటు, దానిని నడిపేది పైథాన్. రెండింటినీ వేర్వేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఈ సంగతిని కోర్సు మొదటి రోజునే చెబితే చాలామందికి వారం రోజుల తిప్పలు తప్పుతాయి.

ముందుగా చూసుకోవలసినవి

విండోస్ 11, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వేసుకోండి. 4 జీబీయే ఉంటే దాని జోలికి వెళ్లకుండా థానీ అనే చిన్న ఎడిటర్‌తో మొదలుపెట్టండి. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తవారి కోసమే తయారైన ఈ ఎడిటర్ తన పైథాన్‌ను తానే వెంట తెచ్చుకుంటుంది కాబట్టి, కింద చెప్పబోయే చిక్కు మీకు ఎదురే కాదు. ల్యాప్‌టాప్ ఎస్ మోడ్‌లో (మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లనే నడవనిచ్చే విండోస్ అమరికలో) ఉంటే బయటి నుంచి దించుకున్న ఇన్‌స్టాలర్లు నడవవు. ఆ మోడ్ నుంచి బయటికి రావడానికి డబ్బు కట్టనక్కరలేదు, అయితే ఒకసారి వచ్చాక మళ్లీ అందులోకి వెళ్లలేరు.

పైచార్మ్ అనే ఎడిటర్ మంచిదే గాని పలుచటి ల్యాప్‌టాప్‌కు బరువు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ చాలా తేలిక, కాని దానిలో టెర్మినల్, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ, లేదు. కొత్తవారు ఎడిటర్‌కూ నల్ల కిటికీకీ మధ్య తిరుగుతూ ఏ ఫోల్డర్‌లో ఉన్నారో మరచిపోతారు. మైక్రోసాఫ్ట్ 2015లో విడుదల చేసిన వీఎస్ కోడ్ ఉచితం, టెర్మినల్ అందులోనే ఉంటుంది. దాని లోపల నడిచేది క్రోమియమ్ బ్రౌజర్ ఇంజినే కాబట్టి, పక్కన క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిచి పెట్టుకొని ఎడిటర్ నెమ్మదిగా ఉందని అనకూడదు.

ఎడిటర్‌ను వేసుకోవడం

వీఎస్ కోడ్ అధికారిక సైటు నుంచి యూజర్ ఇన్‌స్టాలర్‌ను దించుకోండి. దానికి అడ్మిన్ అనుమతి అవసరం ఉండదు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్నవారు ఆర్మ్ 64 రకాన్ని తీసుకోవాలి. మిగిలినదంతా నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడమే. ఆ తరువాత సీ డ్రైవ్‌లో ఆంగ్ల అక్షరాలతో, ఖాళీలు లేని పేరుతో ఒక ఫోల్డర్ చేసుకొని దానినే ఎడిటర్‌లో తెరవండి. డెస్క్‌టాప్ మీద పెట్టకండి, ఎందుకంటే చాలా ల్యాప్‌టాప్‌లలో డెస్క్‌టాప్ తెలియకుండానే వన్‌డ్రైవ్‌లోకి వెళ్లి, పీజీ వైఫై మీద ప్రతి ఫైలూ సింక్ అవుతూ కూర్చుంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తాన్ని తెరవడం కూడా తప్పే. ఎడిటర్ అందులోని ఫైళ్లన్నిటి మీదా నిఘా పెడుతుంది.

పైథాన్, పాత్: తొందర పనికిరాని ఘట్టం

పైథాన్ అధికారిక సైటులో విండోస్ పేజీకి వెళ్లి 64 బిట్ ఇన్‌స్టాలర్‌ను దించుకోండి. ఇన్‌స్టాల్ మేనేజర్ అని మరొకటి కనిపిస్తే దానిని వదిలేయండి. దాని పద్ధతి వేరు. ఇన్‌స్టాలర్ తెరవగానే మొదటి తెర అడుగున, పైథాన్‌ను పాత్‌కు చేర్చమనే చిన్న గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటుంది. ఇన్‌స్టాల్ నౌ అనే పెద్ద బటన్ దానికి పైనే ఉండటం వల్ల అందరి చెయ్యీ అక్కడికే పోతుంది. ముందు గడిలో టిక్ పెట్టండి, ఆ తరువాతే బటన్ నొక్కండి. వీఎస్ కోడ్ ఇన్‌స్టాలర్‌లోనూ పాత్‌కు చేర్చమనే టిక్ ఒకటి ఉంటుంది గాని అది ఎడిటర్‌ కోసం. దానిని చూసి పైథాన్ పని కూడా అయిపోయిందనుకునేవారు చాలామంది ఉన్నారు.

పాత్ అంటే ఫోల్డర్ల వరుస. మీరు టెర్మినల్‌లో పైథాన్ అని రాసినప్పుడు విండోస్ ఆ వరుసలో ఒక్కొక్క ఫోల్డర్‌నూ వెతికి, ఆ పేరుతో మొదట దొరికినదానిని నడుపుతుంది. పీజీలో ఒకే పేరుతో ఇద్దరుంటే కొరియర్ ముందు కనిపించినవాడి చేతికి వెళ్లినట్టు, ఇక్కడ కూడా ముందున్నదానికే పిలుపు అందుతుంది. అసలు తంటా ఏమిటంటే, విండోస్ తానే ఆ పేరుతో ఒక ఉత్తుత్తి ఫైలును పెట్టి ఉంచుతుంది; అసలు పైథాన్ పాత్‌లో లేకపోతే ఆ ఫైలు మిమ్మల్ని మైక్రోసాఫ్ట్ స్టోర్‌కు తీసుకువెళ్తుంది. స్టోర్ తెరుచుకుంటే అక్కడ గెట్ నొక్కకండి. సెట్టింగ్స్‌లో యాప్స్, దానిలో అడ్వాన్స్‌డ్ యాప్ సెట్టింగ్స్, దానిలో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియసెస్‌కు వెళ్లి, పైథాన్ పేరుతో ఉన్న రెండు స్విచ్‌లనూ ఆపేయండి.

టిక్ పెట్టడం మరచిపోయినవారు పైథాన్‌ను రెండోసారి, మూడోసారి వేరే వెర్షన్‌లు వేసుకుంటూ పోకూడదు. అదే ఇన్‌స్టాలర్‌ను మళ్లీ తెరిచి మాడిఫై నొక్కి, రెండో పేజీలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు చేర్చే గడిలో టిక్ పెడితే సరిపోతుంది. కొన్ని వీడియోలలో సెట్ఎక్స్ అనే ఆదేశంతో పాత్‌ను మార్చమని చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ ఆదేశం 1024 అక్షరాలు దాటిన భాగాన్ని కత్తిరించేస్తుంది; అప్పటి వరకు పనిచేస్తున్న ఇతర సాఫ్ట్‌వేర్‌లు కూడా దానితో పాడవుతాయి.

ఇప్పుడు వీఎస్ కోడ్ తెరిచి ఉంటే దాని కిటికీలన్నిటినీ మూసి మళ్లీ తెరవండి. తెరిచే సమయంలో ఉన్న పాత్‌నే అది పట్టుకొని ఉంటుంది కాబట్టి, లోపల టెర్మినల్‌ను మాత్రం మూసి తెరిస్తే చాలదు. తరువాత కంట్రోల్, షిఫ్ట్, పీ మీటలు కలిపి నొక్కి, టెర్మినల్ సెలెక్ట్ డిఫాల్ట్ ప్రొఫైల్ అనేదానిలో కమాండ్ ప్రాంప్ట్‌ను ఎంచుకోండి. మామూలుగా వచ్చే పవర్‌షెల్ అనే మరో రకం టెర్మినల్‌ను కొత్తవారు వాడనే కూడదు: వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ అమరికను) ఆన్ చేయబోతే స్క్రిప్టులకు అనుమతి లేదని ఎర్రటి సందేశం ఇస్తుంది, పైథాన్ ఎక్కడుందో వెతికే వేర్ (where) అనే ఆదేశానికి అక్కడ అర్థమే వేరు. కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ అని రాసి, ఖాళీ వదిలి, పైథాన్ అని ఆంగ్లంలో రాస్తే, అది ఏయే చోట్ల ఉందో వరుసగా చూపుతుంది. మొదటి వరుసలో విండోస్ యాప్స్ అనే ఫోల్డర్ కాకుండా మీరు వేసుకున్న పైథాన్ ఉన్న చోటు కనిపిస్తే మీ పాత్ సరిగా ఉన్నట్టే.

ఎక్స్‌టెన్షన్, ఇంటర్‌ప్రెటర్

ఎడిటర్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే ఎక్స్‌టెన్షన్లలో మైక్రోసాఫ్ట్ పేరుతో ఉన్న పైథాన్ ఒక్కటే వేసుకోండి. దానికి కావలసిన పైలాన్స్, డీబగ్గర్ దాని వెంటే వస్తాయి. రంగుల ఐకాన్లు, రకరకాల థీములు మొదటి మూడు నెలలు వద్దు. కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను వేసుకోమని చాలామంది చెబుతారు గాని, అది మామూలుగా ఫలితాన్ని అవుట్‌పుట్ పలకలో చూపిస్తుంది, ఆ పలకలో మనం ఏమీ టైప్ చేయలేము. పేరు అడిగే ప్రోగ్రాము రాసిన విద్యార్థి, సమాధానం ఇచ్చే దారి లేక, తన కోడే తప్పని అనుకుంటాడు.

పీవై ముగింపుతో ఒక ఫైలు తెరిచి, మళ్లీ అవే మూడు మీటలు నొక్కి, పైథాన్ సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్‌లో (ఇంటర్‌ప్రెటర్ అంటే మీ ప్రోగ్రామును నడిపే పైథాన్) వేర్ ఆదేశం మొదట చూపిన పైథాన్‌నే ఎంచుకోండి. లైబ్రరీలను, అంటే ఇతరులు రాసి పెట్టిన కోడ్‌ను, తెచ్చిపెట్టే పిప్‌తో లైబ్రరీ వేసుకున్నా దొరకలేదని ఎడిటర్ మొరాయిస్తే, చాలా వరకు లైబ్రరీ ఒక పైథాన్‌లోకి వెళ్లి, ఎడిటర్ మరొక పైథాన్‌ను నడుపుతున్నదని అర్థం. అందుకే పిప్ అని నేరుగా రాయకుండా, పైథాన్, అడ్డగీత ఎమ్, పిప్ అని రాయడం అలవాటు చేసుకోవాలి. ఫైలుకు ర్యాండమ్ వంటి, పైథాన్ సొంత మాడ్యూల్‌కు (దానితో వచ్చే కోడ్ ఫైలుకు) ఉన్న పేరు పెట్టకండి. పైథాన్ తన సొంత మాడ్యూల్‌కు బదులు మీ ఫైలునే తెచ్చుకుంటుంది.

చిన్న సర్దుబాట్లు

ఆటో సేవ్ ఆన్ చేయండి, కుడివైపున ఫైలును చిన్నగా చూపే మినీమ్యాప్ తీసేయండి, అక్షరం పరిమాణం 16 ఉంచండి. ఏఐ సౌకర్యాలను ఆపే అమరిక సెట్టింగ్స్‌లో ఉంది. లూపులు మీ చేతికి వచ్చేవరకు ఆ సౌకర్యాలను ఆపి ఉంచాలి.

ఇంత చేసినా ఎడిటర్ నత్తనడక నడుస్తుంటే హెల్ప్ మెనూలోని ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, మెమరీని ఏది తింటున్నదో చూడండి. సాధారణంగా అవసరం లేని ఎక్స్‌టెన్షనో, మరచిపోయిన మరో కిటికీయో కనిపిస్తుంది. అది తేలక ముందే ర్యామ్ కోసం కంప్యూటర్ విడిభాగాల దుకాణాలున్న ఎస్పీ రోడ్డుకు పరిగెత్తకండి. చాలా పలుచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించి ఉంచుతారు, కాబట్టి మీ మోడల్‌లో ఖాళీ స్లాట్ ఉందో లేదో తయారీదారు సైటులో చూసుకొన్నాకే దుకాణంలో బేరమాడండి.