ఆర్డర్ల రద్దీకి ముందే డౌన్‌టైమ్, లేబర్ టైమ్ ఎంట్రీలు సరిచూసుకోండి

ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడినప్పుడు ఫ్యాక్టరీ ఫ్లోర్‌లో ఎవరికీ సాఫ్ట్‌వేర్ ముఖం చూసే తీరిక ఉండదు. డౌన్‌టైమ్ (మెషీన్ ఆగి ఉన్న సమయం), లేబర్ టైమ్ (ఒక్కో జాబ్‌కు మనిషి పెట్టిన సమయం) ఎంట్రీలన్నీ షిఫ్ట్ చివర్లో గుర్తున్నంత మేరకు పడతాయి. తర్వాత జాబ్ కాస్ట్ (ఒక్కో ఆర్డర్ పనికి అయిన ఖర్చు) తేల్చేదీ, కొత్త ఆర్డర్‌కు డెలివరీ తేదీ చెప్పేదీ ఆ లెక్కలు చూసే. అందుకే చేతిలో కాస్త సమయం ఉన్నప్పుడే వీటిని సరిచేసుకోవాలి.

అన్నిటికంటే ముందు మెషీన్ టైమ్‌ను, మనిషి టైమ్‌ను విడదీయండి. మెషీన్ 10:10కి ఆగిందనుకుందాం. ఫిట్టర్ 10:35కి వచ్చాడు, 11:20కి రిపేర్ పూర్తయింది, సెట్టింగ్ చేసుకుని మొదటి మంచి పీస్ తీసేసరికి 11:40. డౌన్‌టైమ్ 90 నిమిషాలు, అందులో రిపేర్ 45 నిమిషాలే. ఈలోగా ఆపరేటర్ ఏం చేశాడు? పది నిమిషాలు ఆగి చూశాడు, గంటసేపు పక్క మెషీన్ మీద వేరే జాబ్ చేశాడు, చివరి 20 నిమిషాలు సెట్టింగ్‌లో ఉన్నాడు. మొదటి జాబ్‌ను క్లోజ్ చేయకుండా వదిలేస్తే, అతను వేరే జాబ్‌కు పెట్టిన గంట కూడా దీని ఖాతాలోనే పడుతుంది. రిపేర్ ఎప్పుడు మొదలైందో రాయకపోతే ఫిట్టర్ కోసం ఎదురుచూసిన 25 నిమిషాలు ఎక్కడా కనిపించవు. నా లెక్కలో తగ్గించడానికి అన్నిటికంటే వీలున్న సమయం అదే.

ఆ 90 నిమిషాలను గంటన్నర అనుకుని 1.30 అని టైప్ చేసేవాళ్లు చాలామంది. ఆ గడి దశాంశాల్లో గంటలు తీసుకునేదైతే 1.30 అంటే 78 నిమిషాలే. 1.5 అని వేయాలి. మీ స్క్రీన్‌లో గడి ఏ పద్ధతిలో ఉందో ఆపరేటర్లకు చూపించి, వాళ్ల చేతనే ఒకసారి టైప్ చేయించండి.

విరామాల సంగతి కూడా ముందే తేల్చాలి. 480 నిమిషాల షిఫ్ట్‌లో 30 నిమిషాలు విరామం పోతే, నడవాల్సిన సమయం 450. అందులో 90 పోతే అవైలబిలిటీ, అంటే నడవాల్సిన సమయంలో మెషీన్ నిజంగా నడిచిన భాగం, 80 శాతం. విరామాన్ని కూడా డౌన్‌టైమ్‌లో కలిపితే అదే షిఫ్ట్ 75 శాతం చూపిస్తుంది. ఒక షిఫ్ట్ ఒకలా, ఇంకో షిఫ్ట్ ఇంకోలా రాస్తే రెండింటినీ పోల్చడం వృథా.

మెషీన్ ఎందుకు ఆగిందో చెప్పే రీజన్ కోడ్‌లు తక్కువగా ఉంచండి. జాబితా పొడవైతే వెతికే ఓపిక లేక అందరూ ‘ఇతర’ నొక్కేస్తారు. అలాగని మెటీరియల్ రాలేదన్నదాన్నీ మెషీన్ చెడిపోయిందన్నదాన్నీ ఒకే కోడ్‌లో కలపకండి, వాటిని సరిచేయాల్సింది వేర్వేరు మనుషులు. మెషీన్ సిగ్నల్‌తో ఆగిన సమయం దానంతటదే రికార్డయినా, ఎందుకు ఆగిందో చాలాసార్లు ఆపరేటరే చెప్పాలి. ఆ కారణం చూపి అతన్ని మందలించడం మొదలైతే నిజం రాయడం ఆగిపోతుంది. ఈ మాట సూపర్‌వైజర్లకు గట్టిగా చెప్పాలి.

ఒకే మనిషి రెండు మెషీన్లు చూస్తుంటే సిస్టమ్ అతని సమయాన్ని పంచుతుందా, రెండు జాబ్‌లకూ పూర్తిగా వేస్తుందా? పంచకపోతే ఎనిమిది గంటల మనిషి పదహారు గంటలు పనిచేసినట్టు వస్తుంది. రాత్రి షిఫ్ట్‌లో 12 దాటాక తేదీ మారినప్పుడు ఏం జరుగుతుందో, లాగౌట్ మరిచిపోతే ఎన్ని గంటలు పడుతున్నాయో టెస్ట్ జాబ్ మీద చూసుకోండి. రోజూ హాజరు గంటలను, జాబ్‌ల మీద పడిన గంటలతో పాటు క్లీనింగ్, వెయిటింగ్ లాంటి ఇన్‌డైరెక్ట్ గంటలు కలిపిన మొత్తంతో పోల్చితే ఇలాంటి తేడాలు ఇట్టే దొరుకుతాయి. దిద్దుబాటు అవసరమైతే ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రికార్డులో మిగలాలి.

నెట్‌వర్క్ పోయే రోజు కోసం ప్రతి మెషీన్ దగ్గర ఒక కాగితం ఫారం ఉంచండి. ఆగిన సమయం, మొదలైన సమయం, కారణం, ఆపరేటర్ పేరు, జాబ్ నంబర్ ఉంటే చాలు. దాన్ని సిస్టమ్‌లోకి ఎక్కించే బాధ్యత ఎవరిదో, ఏ షిఫ్ట్ ముగిసేలోపు ఎక్కించాలో ఆ ఫారం మీదే రాసిపెట్టండి.