సిమెంట్ బ్లాకులతో గోడ కట్టడం ఎలా? ముందు ఆ నీళ్ల పైపు పక్కన పెట్టండి

మట్టి ఇటుకలు కట్టిన అలవాటుతో సిమెంట్ బ్లాకుల దగ్గరికి వచ్చేవాళ్లు మొట్టమొదట చేసే పని పైపు తెచ్చి గుట్ట మొత్తం మీద నీళ్లు కొట్టడం. దయచేసి ఆపండి. కాల్చిన ఇటుక పొడిగా ఉంటే మాలులోని (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్దలోని) నీళ్లన్నీ పీల్చేస్తుంది కాబట్టి దాన్ని నానబెట్టి కడతారు. సిమెంట్ బ్లాకు సంగతి వేరు. ఇది తడిస్తే కొంచెం ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. ఉబ్బి ఉన్నప్పుడే గోడ కట్టేసి, పైన ప్లాస్టరింగ్ కూడా చేసేశాక అది నిదానంగా ఆరడం మొదలుపెడితే గోడంతా లోపలికి లాక్కుని, జాయింట్ల వెంబడి మెట్లు మెట్లుగా చీలుతుంది. నా మొదటి గోడకి అదే గతి పట్టింది. ముందు రోజు రాత్రే బ్లాకులన్నీ తడిపి పెట్టుకుని ఎంత శ్రద్ధగా కడుతున్నానో అని మురిసిపోయాను కూడా. రెండు నెలలకి కిటికీ మూల నుంచి కింది దాకా గీత గీసినట్టు పగులు వచ్చింది, దాన్ని పూడ్చడానికి నేను పడిన పాట్లు గోడ కట్టడానికి కూడా పడలేదు.

కాబట్టి బ్లాకులు పొడిగా ఉండాలి. నేల మీద నేరుగా కాకుండా చెక్కల మీద పేర్చి, వాన పడితే పట్టా కప్పండి. ఎండ మరీ మండిపోతుంటే కట్టేముందు మాలు తగిలే ముఖం మీద తడి బ్రష్‌తో ఒకసారి అలా రాయండి, అంతకు మించి వద్దు. ఇంకో మాట, బ్లాకులు కొనేటప్పుడు అవి పోసి ఎన్నాళ్లయిందో అడగండి. నాలుగు వారాలైనా కాని బ్లాకుని నేను ముట్టుకోను, ఎందుకంటే అది ఇంకా కుంచించుకుంటూనే ఉంటుంది. మూల పట్టుకుని వేలితో గట్టిగా నలిపితే పొడి రాలుతుంటే వెనక్కి పంపేయండి.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తాపీ, పార, తట్టలు, నూలు దారం, తూకం గుండు (నిలువు చూడటానికి), రసమట్టం (బుడగతో మట్టం చూసేది), మూలమట్టం, రబ్బరు సుత్తి, టేపు. రసమట్టం కనీసం 4 అడుగులది తీసుకోండి, అరచేతిలో పట్టేంత బొమ్మ రసమట్టాలతో గోడ కట్టలేరు. చేతికి రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి, తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, పని చేస్తుండగా తెలియదు, సాయంత్రానికి వేళ్లు పగిలి మంట పుడుతుంది. బ్లాకు కోసేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు.

లెక్క కూడా తేలికే. మామూలుగా దొరికే బ్లాకు ముఖం 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు, మందం మాత్రం 4, 6, 8 అంగుళాల్లో ఉంటుంది. జాయింటుతో కలుపుకుని చదరపు మీటరుకి పన్నెండున్నర బ్లాకులు పడతాయి, అంటే 100 చదరపు అడుగులకి దాదాపు 115. విరిగేవి, కోసేవి ఉంటాయి కాబట్టి నూటికి 5 ఎక్కువ తెచ్చుకోండి. లోపల ఖాళీలు లేని 8 అంగుళాల గట్టి బ్లాకు ఒక్కోటి దాదాపు 30 కిలోలు తూగుతుంది, నడుము వంచి కాదు, మోకాళ్లు వంచి ఎత్తండి.

మొదటి వరుస

పునాది మీద దుమ్ము, రాలిన సిమెంటు పెచ్చులు ఊడ్చేసి, గోడ గీత దారంతో వేసుకోండి. మూల 90 డిగ్రీలు వచ్చిందో లేదో మూలమట్టంతో చూస్తే చాలదు, అది చిన్నది కాబట్టి అందులో కనిపించని తేడా గోడ చివరికి వెళ్లేసరికి అంగుళాలు అవుతుంది. ఒకవైపు 3 మీటర్లు, ఇంకోవైపు 4 మీటర్లు గుర్తు పెట్టి ఐమూలగా కొలిస్తే సరిగ్గా 5 మీటర్లు రావాలి. తర్వాత మాలు లేకుండా ఒక వరుస బ్లాకులు ఉత్తినే పేర్చి చూడండి, మధ్యలో 10 మిల్లీమీటర్ల సందు వదులుతూ. ఎక్కడ బ్లాకు కోయాల్సి వస్తుందో, తలుపు పక్కన ఎంత ముక్క పడుతుందో అప్పుడే తెలిసిపోతుంది.

ఆ వరుస తీసేసి, నిండుగా మాలు పరిచి అసలు వరుస పెట్టండి. పునాదిలో ఉన్న ఎత్తుపల్లాలన్నీ ఈ ఒక్క వరుస కింది మాలులోనే సర్దేయాలి. ఇక్కడ 5 మిల్లీమీటర్లు వదిలేస్తే పై వరుస సర్దుకుంటుందిలే అనుకుంటారు. సర్దుకోదు, ఆదిలోనే హంసపాదు అన్నట్టు పైదాకా దాన్ని మోస్తూ పోవాలి. లోపల ఖాళీలుండే బోలు బ్లాకులైతే మొదటి వరుసకి మాత్రమే నిండుగా మాలు, ఆపై వరుసలకి బ్లాకు రెండు పక్కల అంచుల మీద వేస్తే చాలు. అన్నట్టు బోలు బ్లాకుకి పైభాగం, కిందిభాగం అని ఉంటాయి. ఆ అంచులు మందంగా ఉన్న వైపు పైకి రావాలి, మాలు నిలవడానికి చోటు దొరుకుతుంది. తిరగేసి పెట్టినవాళ్లని ఎంతమందిని చూశానో.

మాలు: అసలు గొడవంతా ఇక్కడే

ఇప్పటిదాకా చెప్పింది ఎవరైనా చేస్తారు. గోడ బాగుపడేదీ పాడయ్యేదీ మాలు దగ్గరే, అందులోనూ నీళ్ల దగ్గరే.

పాళ్లు ముందు చెప్పేస్తాను. 8 అంగుళాల గోడకి ఒక వంతు సిమెంటుకి 6 వంతుల ఇసుక, 4 అంగుళాల అడ్డుగోడకి 1:4. సిమెంటు ఎక్కువైతే గోడ గట్టిగా ఉంటుందని 1:3 కలిపేవాళ్లు ఉన్నారు. అది తప్పు. మాలు బ్లాకు కంటే కొంచెం మెత్తగా ఉండాలి. గోడ ఏ కారణంగానో కదిలితే ఆ కదలిక జాయింట్లలో సన్నటి గీతలుగా సర్దుకోవాలి, గీత అయితే పూడ్చుకోవచ్చు. మాలు బ్లాకు కంటే గట్టిదైతే పగులు బ్లాకులోంచే పోతుంది, దానికిక మందు లేదు.

కొలత పారలతో వద్దు. ఒక పార నిండుగా వస్తుంది, ఇంకో పార సగమే వస్తుంది, పొద్దున ఓపికగా ఎత్తిన పార సాయంత్రం పార ఒకటి కాదు. 50 కిలోల సిమెంటు బస్తా దాదాపు 35 లీటర్లు, కాబట్టి 35 లీటర్లు పట్టే పెట్టె ఒకటి చేయించుకుని ఇసుక దాంతోనే కొలవండి. ఇసుక తడిగా ఉంటే ఉబ్బి ఎక్కువ చోటు తీసుకుంటుంది, పెట్టె నిండినట్టే ఉంటుంది కానీ లోపల ఇసుక తక్కువ, అందుకని పావు వంతు దాకా ఎక్కువ వేయాలి. మట్టి ఉందేమో అని అనుమానంగా ఉంటే గాజు సీసాలో సగం ఇసుక పోసి, పైన ఉప్పు నీళ్లు పోసి గట్టిగా కుదిపి మూడు గంటలు వదిలేయండి. ఇసుక మీద పేరుకున్న బురద పొర ఇసుక ఎత్తులో నూటికి 8 వంతులు దాటితే కడిగైనా వాడండి, మార్చైనా వాడండి.

నీళ్లు పోయకముందు సిమెంటు, ఇసుక కనీసం మూడు నాలుగు సార్లు తిరగేసి కలపాలి, ఎక్కడా చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా. ఇనుప రేకు మీదో గచ్చు మీదో కలపండి, మట్టి నేల మీద కాదు.

ఇక నీళ్లు. బస్తాకి ఎన్ని లీటర్లు అని అడగకండి, ఇసుకలో ముందే ఎంత తడి ఉందో నాకు తెలియదు, మీకూ తెలియదు. అందుకే ఒక్కసారిగా బకెట్ కుమ్మరించకుండా ముందు కావాల్సిన దాంట్లో ముప్పాతిక అనిపించినంత పోసి కలిపి, మిగిలింది చెంబుతో కొద్ది కొద్దిగా చేర్చండి. చివరి రెండు చెంబుల దగ్గరే మాలు ఉన్నట్టుండి మారిపోతుంది. అప్పటిదాకా పొడిపొడిగా ఉన్నది ఒక చెంబుతో వెన్నలా అవుతుంది, ఇంకో చెంబుతో అంబలి అవుతుంది. ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి నేను చేసేది ఇది: తాపీ నిండా మాలు తీసుకుని చెయ్యి ఒకసారి కిందికి విదిలించి, తాపీని బోర్లించడం. అంటుకుని నిలిచిందంటే సరిపోయింది. జారి పడిందంటే నీళ్లు ఎక్కువయ్యాయి, ముద్దలు ముద్దలుగా విరిగి పడిందంటే చాలలేదు. గుట్టని తాపీ అంచుతో కోస్తే ఆ గాటు అలాగే నిలవాలి, నీళ్లు ఊరి మూసుకుపోకూడదు.

పల్చటి మాలంటే అందరికీ ఎందుకంత ఇష్టమంటే పని తొందరగా సాగుతుంది, చెయ్యి నొప్పి పుట్టదు. కానీ సిమెంట్ బ్లాకు బరువుకి ఆ మాలు నిలవదు, బ్లాకు కిందికి దిగిపోతుంది, 10 మిల్లీమీటర్ల జాయింటు 6 అవుతుంది, పక్కదేమో 9 ఉంటుంది, దారం ఒకచోట, బ్లాకు ఒకచోట. పైగా ఎక్కువైన నీళ్లు ఆరిపోయాక వాటి చోట ఖాళీలు మిగులుతాయి, జాయింటు గుల్లగా తయారవుతుంది. తడిపిన బ్లాకు, పల్చటి మాలు రెండూ కలిశాయంటే చెప్పక్కర్లేదు, బ్లాకు జారుతూనే ఉంటుంది.

నీళ్లు పోసిన మాలుని 2 గంటల్లో వాడేయాలి. ఆ లోపు ఎండకి కాస్త బిగిస్తే రెండు చుక్కలు చల్లి కలుపుకోవచ్చు. 2 గంటలు దాటింది, భోజనానికి వెళ్లొచ్చేసరికి గట్టిపడింది అంటే పారేయండి. పారేయడానికి మనసొప్పక అందులో మళ్లీ నీళ్లు పోసి మెత్తగా చేసి కడతారు చూడండి, అలాంటి జాయింటుని ఏడాది తర్వాత మేకుతో గీకితే ఇసుకలా రాలుతుంది. అందుకే బస్తా మొత్తం ఒకేసారి కలపొద్దు, ఇద్దరే పని చేస్తుంటే అరబస్తా చాలు.

ఈ మధ్య కొందరు ఈ కలపడాలన్నీ ఎందుకు, జిగురు బస్తాలు దొరుకుతున్నాయిగా అంటున్నారు. ఆ జిగురు నీళ్ల మీద తేలేంత తేలికగా ఉండే ఏఏసీ (గాలి బుడగలు నింపిన కాంక్రీటు) బ్లాకుల కోసం, వాటి కొలతలు కచ్చితంగా ఉంటాయి కాబట్టి 3 మిల్లీమీటర్ల పొర సరిపోతుంది. మామూలు సిమెంట్ బ్లాకు ఒకటి 8 అంగుళాలుంటే పక్కది కాస్త తక్కువ ఉంటుంది, ఆ తేడాని 3 మిల్లీమీటర్లలో ఎక్కడ దాస్తారు?

బ్లాకు పెట్టాక చెయ్యి తీసేయండి

మూలలు ముందు కట్టండి, మూడు నాలుగు వరుసల ఎత్తున మెట్లలా. ఈ మూల నుంచి ఆ మూలకి దారం లాగి మధ్యలో నింపుకుంటూ రండి. దారానికి బ్లాకు తగలకూడదు, వెంట్రుక మందం దూరంలో ఉండాలి, తగిలితే దారాన్నే తోసేసి గోడ వంకర పోతుంది. కింది వరుస మీద రెండు మూడు బ్లాకులకి సరిపడా మాత్రమే మాలు పరచండి, పది అడుగులు ముందే పరిస్తే చివరికి చేరేసరికి పైపొర బిగిసిపోతుంది. బ్లాకు చివర నిలువు జాయింటుకి మాలు నేల మీదే పట్టించి, అప్పుడు ఎత్తి పెట్టి, పక్క బ్లాకు వైపు నొక్కాలి. బ్లాకులన్నీ పెట్టేసి తర్వాత పైనుంచి సందుల్లో మాలు కుక్కడం చాలామంది పద్ధతి. అలా కుక్కిన మాలు పైన రెండు అంగుళాలే ఉంటుంది, కిందంతా బోలు. వాన నీళ్లు లోపలికి వచ్చేది అక్కడినుంచే.

పెట్టిన వెంటనే, మాలు మెత్తగా ఉండగానే, రబ్బరు సుత్తితో తట్టి దారానికి, రసమట్టానికి సరిచేసుకోండి. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవద్దు. పది బ్లాకులు అయ్యాక వెనక్కి తిరిగి చూసి "అదేంటి, ఇది కొంచెం బయటికి వచ్చింది" అని ఒక్క దెబ్బ వేశారనుకోండి, బ్లాకు లోపలికి వెళ్తుంది, బయటికి చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ మాలుకీ బ్లాకుకీ మధ్య పట్టు ఊడిపోయింది, అది మళ్లీ అతుక్కోదు. తప్పు పడితే బ్లాకు పూర్తిగా ఎత్తి, పాత మాలు గీకేసి, కొత్త మాలు వేసి పెట్టాలి. రెండు నిమిషాల పని, బద్ధకించకండి.

కింది జాయింటు మీద పై బ్లాకు సగానికి రావాలి, ఇది అందరికీ తెలిసిందే. ప్రతి రెండు వరుసలకీ గుండు వదిలి నిలువు చూసుకోండి. గోడకి ప్లాస్టరింగ్ చేసేట్టయితే జాయింట్లని సెంటీమీటరు లోతు గీకి వదిలేయండి, చేయకపోతే వంచిన గుండ్రటి కమ్మీతో లోపలికి నొక్కుతూ లాగండి. బొటనవేలితో నొక్కితే అచ్చు పడాలి కానీ వేలికి అంటకూడదు, కమ్మీ లాగే సమయం అదే.

రోజుకి 4 అడుగుల ఎత్తు దాటొద్దు. 6 మీటర్లకి మించిన గోడ అయితే మధ్యలో నిలువునా ఒక కదలిక సందు (గోడ ఉబ్బినా, కుంచించుకున్నా సర్దుకునే చోటు) వదలండి. పైన బీమ్ కిందికి వచ్చాక ఆఖరి సందుని అదే రోజు బిగించి కుక్కకుండా ఒక వారం ఆగి పూడ్చండి, కింది గోడ ఆ లోపు దిగాల్సింది దిగుతుంది.

క్యూరింగ్‌కి, అంటే మాలు గట్టిపడేదాకా తడిగా ఉంచడానికి కూడా, ఆ పైపు అక్కర్లేదు. మర్నాటి నుంచి 7 రోజులు రోజుకి రెండు మూడు సార్లు జాయింట్ల మీద సన్నగా చల్లండి, మండే ఎండైతే తడి గోనె వేలాడదీయండి. గోడంతా కారేలా కొడితే మొదట్లో చెప్పిన ఉబ్బడం, కుంచించుకోవడం మళ్లీ మొదలు. ప్లాస్టరింగ్‌కి కనీసం రెండు మూడు వారాలు ఆగండి, ఈలోపు గోడ ఆరుతుంది, రావాల్సిన గీతలేవైనా ఉంటే ముందే బయటపడతాయి, వాటిని అప్పుడే పూడ్చుకోవచ్చు. మిగిలిన బ్లాకుల మీద పట్టా కప్పడం మర్చిపోకండి.