బ్రిటిష్ డార్క్ సెటైర్‌లో మీకు సరిపడేది తేల్చుకోవడం ఎలా?

ఒకే ఎపిసోడ్ చూసి ఒకరు పగలబడి నవ్వుతారు. పక్కనున్నవాళ్లు ముఖం ముడుచుకుని లేచిపోతారు. చావు, అవమానం లాంటి చేదు విషయాలతో నవ్వించే బ్రిటిష్ డార్క్ కామెడీతో ఇది మామూలే. ఆ ఒక్క పేరు కింద కనీసం నాలుగు వేర్వేరు రుచులున్నాయి కాబట్టి, ఒకటి పడనంత మాత్రాన మిగిలినవన్నీ వదిలేయనక్కర్లేదు. మిస్టర్ బీన్‌తోనే బ్రిటిష్ హాస్యం పరిచయమైనవాళ్లకు ఈ వరస మరీ పనికొస్తుంది.

1. నాలుగు రుచులకూ నాలుగు పరీక్షలు పెట్టుకోండి

ఒక్కోదానికి ఒక్కో సాయంత్రం చాలు. అన్నీ ఒకేరోజు చూస్తే దేనికి విసుగొచ్చిందో తెలియదు.

మాటల మెలిక: ‘యెస్ మినిస్టర్’ (1980–84), ఒక మంత్రి, అతని శాఖ అధికారుల మీద తీసిన టీవీ సిరీస్. ఇందులో ‘ది కంపాషనేట్ సొసైటీ’ అనే ఎపిసోడ్ తీసుకోండి. కొత్త ఆసుపత్రిలో 500 మంది సిబ్బంది ఉంటారు, రోగి ఒక్కరూ ఉండరు. అది సక్రమంగా నడుస్తోందని అధికారులు గట్టిగా వాదిస్తారు. గిరీశం ఉపన్యాసాలకు నవ్వుకునేవాళ్లకు శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ వాక్యాలు వెంటనే పట్టుబడతాయి.

బూతు: ‘ది థిక్ ఆఫ్ ఇట్’ (2005–12), ఇదీ మంత్రుల చుట్టూ తిరిగే టీవీ సిరీసే. మొదటి సిరీస్ మూడు ఎపిసోడ్లే, మొత్తం గంటన్నర. ఇందులో తిట్లు నోటికొచ్చినట్టు రాసినవి కావు. వాటికి పదును పెట్టడానికే ఇయాన్ మార్టిన్ అనే రచయిత ఉండేవారు.

ఇబ్బంది: ‘ది ఆఫీస్’ (2001–03), స్లౌ పట్టణంలోని కాగితాల కంపెనీ కథ. మొదటి ఎపిసోడ్‌లో మేనేజర్ తమాషా కోసం రిసెప్షనిస్టును ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు నటిస్తాడు, ఆమె ఏడ్చేస్తుంది. ఆ సీను దగ్గర రిమోట్ కోసం చెయ్యి వెళ్లిందా? ఈ రకం మీకు పడదు. రెండో సిరీస్ దాకా ఓపిక పట్టినా పడదు.

చావు: ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’ (1949) అనే సినిమా. బిరుదు కోసం బంధువులను ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయే యువకుడు ఆ కథంతా ఎంతో మర్యాదగా తనే చెబుతాడు. ఆ బంధువుల వేషాలన్నీ అలెక్ గిన్నెస్ ఒక్కడే వేశాడు. రక్తం కనబడదు, భయపడక్కర్లేదు.

2. యాస అడ్డొస్తుంటే మాటల్లేని ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి

ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్కో కథ చెప్పే ‘ఇన్‌సైడ్ నంబర్ 9’ మొదటి సిరీస్ (2014)లో రెండో ఎపిసోడ్ ‘ఎ క్వైట్ నైట్ ఇన్’. ఇద్దరు దొంగలు ఒక ఇంట్లోంచి పెయింటింగ్ ఎత్తుకెళ్లాలని చూస్తారు. అరగంటలో సంభాషణ దాదాపు ఉండదు. అందులో నవ్వొచ్చిందంటే ఇన్నాళ్లూ మీకు అడ్డుపడింది హాస్యం కాదు, ఉచ్చారణ.

తర్వాత ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. యంత్రం చేసే తెలుగు అనువాదం వద్దు, అది మాటల మెలికను మామూలు వాక్యం చేసేస్తుంది. సర్ హంఫ్రీ గుక్క తిప్పుకోకుండా మాట్లాడేటప్పుడు పాజ్ నొక్కకండి. ఆ వాక్యం ఎక్కడా ఆగకపోవడమే అక్కడి జోకు. ముందు అలాగే పోనిచ్చి, అర్థం కోసం రెండోసారి చూడండి.

యాసలో అంతస్తు కూడా వినబడుతుంది. ‘ది డెత్ ఆఫ్ స్టాలిన్’ (2017)లో సోవియట్ నాయకులు రష్యన్ యాస పెట్టరు. స్టాలిన్ లండన్ కార్మికవాడ మనిషిలా, మార్షల్ జుకోవ్ యార్క్‌షైర్ మనిషిలా మాట్లాడతారు. అది పొరపాటు కాదు, కావాలని చేసింది. ఈ సినిమాకిచ్చిన ప్రదర్శన అనుమతిని 2018 జనవరిలో రష్యా వెనక్కి తీసుకుంది.

3. పది నిమిషాల నేపథ్యం

బ్రిటన్‌లో మంత్రులు మారతారు, శాఖ కార్యదర్శి ఉండిపోతాడు. మన సచివాలయం ఎరిగినవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. ‘యెస్ మినిస్టర్’ 2001లో ఫరూక్ షేక్‌తో హిందీలో ‘జీ మంత్రీజీ’గా రాగలిగింది అందుకే. ‘ది థిక్ ఆఫ్ ఇట్’ కైతే ఒక్కటి తెలిస్తే చాలు: ప్రధాని కార్యాలయంలో ప్రచారం చూసుకునే మనిషికి మంత్రులు వణికిపోతారు.

4. ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకోండి

‘బ్లాక్ ఆడర్’ అనే టీవీ కామెడీలో ఒక్కో సిరీస్ చరిత్రలో ఒక్కో కాలంలో జరుగుతుంది. దాన్ని 1983 నాటి మొదటి సిరీస్‌తో మొదలుపెట్టకండి. బెన్ ఎల్టన్ రచనలో చేరింది, హీరో తెలివైనవాడిగా మారింది 1986 నాటి రెండో సిరీస్‌లో. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో జరిగే నాలుగోదానికి (1989) ఆరే ఎపిసోడ్లు. ఆ ఆరింటి వరస తప్పించకండి. ఆఖరిది విడిగా చూస్తే చివరి నిమిషాల బరువు అందదు. టీవీ కామెడీలో అంతకన్నా గొప్ప ముగింపు లేదు.

టెక్నాలజీ తెచ్చే చిక్కుల మీద తీసిన ‘బ్లాక్ మిర్రర్’ టీవీ సిరీస్‌లో ఏ కథకాకథే. ప్రధానమంత్రినీ పందినీ కలిపిన మొదటి ఎపిసోడ్ (2011) తర్వాతకి వాయిదా వేసుకోవచ్చు.

5. పక్కన ఎవరున్నారు?

‘యెస్ మినిస్టర్’ స్టూడియోలో ప్రేక్షకుల ముందు తీసింది. వాళ్ల నవ్వులు వినిపిస్తాయి కాబట్టి నలుగురిలో బాగా నడుస్తుంది. ‘ది ఆఫీస్’లో ఆ నవ్వులుండవు, ఉన్నదంతా మౌనంలోనే. మాట్లాడుతూ చూసేవాళ్లతో కూర్చుంటే అది చేతికి దొరకదు.

ఏసు కాలంలో పుట్టిన బ్రయాన్ అనే మామూలు మనిషిని జనం రక్షకుడని పొరబడే సినిమా ‘లైఫ్ ఆఫ్ బ్రయాన్’ (1979)ను బ్రిటన్‌లోనే కొన్ని స్థానిక కౌన్సిళ్లు నిషేధించాయి. ఏసు అందులో వేరే పాత్రగా, గౌరవంగానే కనిపిస్తాడు. దెబ్బంతా గుడ్డిగా వెంటపడే జనం మీద. క్రైస్తవ మిత్రులతో చూస్తుంటే ఈ సంగతి ముందే చెప్పండి, చూడాలో వద్దో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

6. నచ్చకపోతే కారణం వెతకండి

నవ్వు రాకపోవడం వేరు, కోపం రావడం వేరు. నవ్వు రాకపోతే లోపం చాలావరకు భాషలోనో నేపథ్యంలోనో ఉంటుంది, పైన రెండో, మూడో మెట్లకు వెళ్లండి. కోపం వస్తే దెబ్బ ఎవరి మీద పడుతోందో చూడండి. టీవీ వార్తా కార్యక్రమాలను వెక్కిరించే ‘బ్రాస్ ఐ’ (1997) ‘కేక్’ అనే లేని మత్తుమందును కల్పించి, దాని మీద హెచ్చరికలు చేయమని ప్రముఖులను అడిగింది. వాళ్లు చేశారు, ఒక ఎంపీ పార్లమెంటులో ప్రశ్న కూడా వేశారు. దెబ్బ పేరున్నవాళ్ల మీదే. అదే కార్యక్రమం 2001 ప్రత్యేక ఎపిసోడ్ పిల్లల మీద లైంగిక నేరాల గురించి మీడియా చేసే హడావుడిని ఎగతాళి చేసింది. గురి మీడియా మీదే అయినా, ఆ విషయం మీద హాస్యమే వద్దనుకునేవాళ్లు తప్పు చేస్తున్నట్టు కాదు. వాళ్లను బలవంతంగా కూర్చోబెట్టకండి, ‘ది థిక్ ఆఫ్ ఇట్’ పెట్టండి.